గిన్నెలో మచ్చ

సందు మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీని ధన్య రెండు చేతులతో లాగి చింపేసింది. పురసవాక్కంలో ఎవరు పోయినా వీధివాళ్ళు ఇలా ఒక ఫ్లెక్సీ కట్టడం మామూలే. పైన తమిళంలో కన్నీటి అంజలి అని పెద్ద అక్షరాలు, కింద దణ్ణం పెడుతున్న చేతులు, మధ్యలో పోయినవాళ్ళ ఫోటో. ధన్య వాళ్ళమ్మ వరదలక్ష్మి కోసం వీధివాళ్ళకి దొరికింది ఆధార్ కార్డు మీది ఫోటో ఒక్కటే. తపాలాబిళ్ళంత ఫోటోను తలుపంత సాగదీసేసరికి మొహం బూడిద రంగుకి తిరిగింది, కళ్ళు రెండు గుంటలయ్యాయి. బతికుండగా ఆమెతో రోజూ మాట్లాడినవాళ్ళు కూడా ఆ ఫోటోలో ఆమెను పోల్చుకోలేరు.

చింపిన ఫ్లెక్సీని చుట్టి చంకలో పెట్టుకొని ధన్య మెట్లెక్కి వచ్చింది. హాల్లో కూర్చున్న తండ్రి ముందు దాన్ని పడేసింది.

"అప్పా, కర్మ రోజుకి ఈ ఫోటోకి మాల వేస్తే నేను ఆ హాల్లోకి రాను. సత్యంగా రాను."

మాధవ్ ఫోటోగ్రాఫరు. ఊళ్ళో తిండి ఫోటోలు తీసేవాళ్ళలో కాస్త పేరున్నవాడు. హోటళ్ళ మెనూ కార్డులు, మసాలా పొట్లాల మీది బొమ్మలు, బిరియానీ పాయింట్ల బోర్డులు, అన్నీ అతని కెమెరాలోంచి వచ్చినవే. అతను తీసిన ఇడ్లీ బొమ్మ చూసి, అప్పుడే తిని లేచినవాడు కూడా మళ్ళీ కూర్చునేవాడు. అలాంటివాడి ఇంట్లో భార్య ఫోటో ఒక్కటి లేకపోయింది. చావిల్లు కాబట్టి వీధివాళ్ళు పైకి ఏమీ అనలేదు గానీ, ఫోటో కోసం వచ్చినప్పుడు మొహమొహాలు చూసుకున్నారు. అది మాధవ్ కంటపడింది.

అసలు లేవని కాదు. పెళ్ళి ఆల్బం ఉంది. అందులో వరదలక్ష్మి సన్నగా, కళ్ళనిండా కాటుకతో, మెడ ఎత్తడానికి కూడా వీల్లేనన్ని పూలదండలతో ఉంది. ధన్య రెండు పేజీలు తిప్పి మూసేసింది. "ఈమె ఎవరో నాకు తెలీదప్పా. నాకు మా అమ్మ కావాల" అంది. పదిహేడేళ్ళ పిల్ల.

ధన్య ఫోన్లో వాళ్ళమ్మ ఫోటోలు కావలసినన్ని ఉన్నాయి. వంటింట్లో, బాల్కనీలో, బీచిలో, వరసకి పిన్ని కూతురి పెళ్ళిలో. ప్రతి దాంట్లోనూ ఆమె అరచెయ్యి మొహానికి అడ్డంగా ఉంది. ఎంత దొంగచాటుగా తీసినా, బటన్ నొక్కే క్షణానికి ఆ చెయ్యి ఎక్కడినుంచో వచ్చి నిలబడేది. వేళ్ళ సందుల్లోంచి ఒక కన్ను, ఒక పన్ను, అంతే. ధన్య ఆ ఫోటోలను మళ్ళీ మళ్ళీ జరిపి చూసుకుంటూ ఉంటే మాధవ్ చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

మనిషి పోయిన తీరు కూడా అలాగే ఉంది. జబ్బూ లేదు, మంచమూ పట్టలేదు. మధ్యాహ్నం గిన్నెలు తోముకొని, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని గోడవైపు తిరిగి పడుకుంది. ధన్య కాలేజీ నుంచి వచ్చి కాఫీ కోసం లేపితే లేవలేదు. పోతూ కూడా మొహం అటే తిప్పుకొని పోయింది.

మాధవ్ పని చేసే తీరు ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. ఉత్తరం వైపు కిటికీ పక్కన ఒక పాత టేకు బల్ల ఉంటుంది. అదే అతని స్టూడియో. ఉదయం పూట ఆ కిటికీలోంచి వచ్చే వెలుగులో ఎండ పొగరు ఉండదు, మెత్తగా ఉంటుంది. మన తిండికి కెమెరా ముందు ఒక శాపం ఉంది. సాంబారు, పులుసు, వేపుడు, పొడి, అన్నీ మట్టిరంగే. నోటికి ఎంత రుచో కంటికి అంత నీరసం. ఆ మట్టిరంగును గట్టెక్కించడమే మాధవ్ విద్య. పులుసు పక్కన ఒక ఎండుమిరపకాయ, వేపుడు మీద పచ్చి కరివేపాకు రెబ్బ, వంకాయ కూర వెనకాల పసుపు గుడ్డ. బల్ల మీద ఒక పక్క ఎప్పుడూ ఖాళీ వదిలేవాడు. ఖాళీ ఉంటేనే కంటికి ఊపిరాడుతుందనేవాడు.

ఇక మిగతాదంతా మాయే. కూరగాయలు సగమే ఉడకాలి, పూర్తిగా ఉడికితే రంగు చచ్చిపోతుంది. టమాటాల మీది నీటిబొట్లు గ్లిజరిన్‌వి. ఇడ్లీ మీద లేచే ఆవిరి ఆవిరి కాదు, పళ్ళెం వెనక దాచిన అగరొత్తి పొగ. నిజం ఆవిరి కెమెరా సర్దుకునేలోపు మాయమవుతుంది, దాన్ని నమ్ముకుంటే పని నడవదు. సగం ఉడికిన ఆ వంటను ఫోటోలన్నీ అయ్యాక వరదలక్ష్మి మళ్ళీ పొయ్యి మీద పెట్టి, గ్లిజరిన్ తగిలినవి తీసి పారేసి, తండ్రీ కూతుళ్ళకు పెట్టేది. తనవంతు వచ్చేసరికి అది మళ్ళీ చల్లారిపోయేది.

ఇన్ని మాయల మధ్యలో నిజమైనవి ఆమె చేతులు. ఏ వంటకైనా మనిషి చెయ్యి తగిలితేనే ప్రాణం వస్తుందని మాధవ్ సిద్ధాంతం. నెయ్యి వంచే చెయ్యి, అప్పడం విరిచే చెయ్యి, ముద్ద కలిపే చెయ్యి. చామనఛాయ చేతులు, పొడుగాటి వేళ్ళు. గాజులు ఆమే ఎంచుకునేది. గోంగూరకి ఆకుపచ్చవి వేసుకునేది కాదు, ఎర్రవి వేసుకునేది. టమాటా పప్పుకి ఆకుపచ్చవి. పెరుగన్నానికి నీలివి. "ఈ పొద్దు అదృష్టం, గాజులు బాగా కుదిరినాయి" అనేవాడు మాధవ్. అదృష్టం కాదనీ, రేపటి వంట ఏదో ముందే కనుక్కొని గాజుల పెట్టె ముందేసుకొని కూర్చునేదనీ ధన్యకు తెలుసు. అతనికి తెలియదు.

అన్నీ సర్దుకొని కెమెరాలో కన్ను పెట్టాక అతను అనే మాట ఒకటే. "వరదా, మొహం ఎనక్కి." ఆమె మెడ వెనక్కి లాక్కొని, చేతులు మాత్రం వెలుగులో పెట్టి, గరిటె కదలకుండా పట్టుకొని అలాగే నిలబడేది. సాయంత్రానికి మెడ పట్టేసేది. కూతురి చేత తైలం రాయించుకుంటూ, ఈ పొద్దు పాయసం బాగా వచ్చింది అని చెప్పేది, తిన్నదాని గురించి కాదు, ఫోటో గురించి.

ఆమె ముత్తైదువగా పోయింది కాబట్టి కొత్త చీర కట్టి, పూలు పెట్టి, గాజులు తొడిగి సాగనంపారు. ఏ గాజులు తొడగాలని ఆమె అక్క అలమేలు వచ్చి అడిగితే, మాధవ్ నోరు దానంతటదే, ఎర్ర చీరకి ఆకుపచ్చవి అనేసింది. అన్నాక తనమీద తనకే అసహ్యం వేసింది.

అలమేలుది వాషర్‌మెన్‌పేట్. ఆ రోజు మొదలు రోజూ పొద్దున్నే ఆటోలో క్యారియర్ పట్టుకొని వచ్చేది. వచ్చి ఇద్దరికీ అన్నం పెట్టి, ధన్య పక్కన కూర్చొని ఫోటోలు వెతికేది. తన ఇంట్లో ఉన్నవి కూడా ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకొచ్చింది. అన్నీ వరదలక్ష్మి పెళ్ళికి ముందువి. ఆ పిల్ల ప్రతి ఫోటోలోనూ ముందు వరసలో, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"పెద్దమ్మా, అమ్మ అప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోదా?" అని అడిగింది ధన్య.

"అప్పుడా? వీధిలో ఎవురు కెమెరా తీసినా ముందర పోయి నిలబడేది అదే. మా నాయిన అరిచేవాడు, ఎవుడి ఫోటోలో చూసినా నువ్వే ఉండావేందే అని."

"మరి మాకు మాత్రం ఎందుకు చూపించలేదు? సిగ్గుపడతాది అనుకున్నా."

అలమేలు చేతిలో ఫోటోను కాసేపు చూసింది. తర్వాత మాధవ్ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అందుకే అతనికి భయం వేసింది.

"నీకు గుర్తుండాదో లేదో మాధవా. నువ్వు కొత్తగా ఈ పని పట్టుకున్నప్పుడు ఎవురో హోటలాయన బొమ్మలు చూసేదానికి ఈడికి వచ్చినాడంట. అది కాఫీ తెచ్చిందంట. నువ్వు ఆయనకి కంప్యూటర్లో చూపిస్తా చెప్తా ఉండావంట, దీంట్లో మొహం పడింది సార్, తీసేసినాను, మొహం తీసేస్తే బొమ్మ బాగుపడింది అని. ఆ పొద్దే నాకు ఫోన్ చేసింది. నవ్వతానే చెప్పింది. అక్కా, నా మొహం తీసేస్తే బొమ్మ బాగుపడిందంట అని. మళ్ళా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను కూడా అడగలేదు."

మాధవ్‌కి ఆ హోటలాయన గుర్తున్నాడు. ఆ బొమ్మ గుర్తుంది, అరిటాకులో పులిహోర. మాట గుర్తులేదు. ఇంట్లో తిరిగే మనిషి చెవిన పడేలా మగవాళ్ళు అనే మాటలకి ఎవరు లెక్క పెట్టుకుంటారు. కానీ అది తన మాటేనని అతనికి తెలిసింది. ఆ మాట అతను ఆ తర్వాత కూడా చాలామందితో అన్నాడు.

"అది బొమ్మ గురించి చెప్పినాను వదినా. మనిషి మొహం కనిపిస్తే ఎవురి కన్నైనా ముందు దాని మీదికే పోతాది. ఇంక తిండిని ఎవురూ చూడరు. అందుకని తీసేస్తాము. మొహం బాగలేదని కాదు. బాగుండబట్టే..."

"అది నాకెందుకు చెప్తావు" అంది అలమేలు మెల్లగా.

నిజమే, ఈ మాట వినాల్సిన మనిషి ఇన్నేళ్ళూ ఈ బల్ల పక్కనే నిలబడింది. ఎంత చిన్న మాట. ఒక్కసారి, కాఫీ తాగుతూనో, లైటు సర్దుకుంటూనో చెప్పి ఉంటే సరిపోయేది. ధన్య లేచి లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఆమె తలుపు గట్టిగా వేయలేదు, కానీ గడియ పెట్టిన చప్పుడు అందరికీ వినిపించింది.

ఆ మధ్యాహ్నం మాధవ్ హార్డ్ డిస్కులన్నీ తీసి టేకు బల్ల మీద పోసుకున్నాడు. ఆశ ఏమీ లేదు. అతనికి ఒక అలవాటుంది. ఏ రోజు తీసిన వాటిలో పనికిరానివి ఆ సాయంత్రమే చెరిపేస్తాడు. చెత్త ఇంట్లో ఉంచుకోకూడదంటాడు. పనికిరానివంటే ఏవి? వెలుగు చెడినవి, గరిటె కదిలినవి, వరదలక్ష్మి మొహం ఫ్రేములోకి వచ్చినవి. అంటే ఆమె మొహాన్ని ఏ రోజుకారోజు తనే తుడిచేసుకుంటూ వచ్చాడు. చేత్తో పట్టుకొని చెత్తబుట్టలో వేసినట్టే.

మిగిలినవల్లా ఎంపికైన బొమ్మల ఒరిజినల్స్. కత్తిరించకముందువి, రంగులు దిద్దకముందువి. వాటిల్లో అంచుల దగ్గర ఏమైనా మిగిలిందేమోనని ఒక్కొక్కటీ తెరిచి చూశాడు. చేపల పులుసు బొమ్మలో గడ్డం కొన ఉంది. జొన్నరొట్టె బొమ్మలో చెవి కమ్మ, దాని పక్కన జారిన జుట్టు. ఆవకాయ బొమ్మలో మెడ, పసుపుతాడు. పెసరట్టు బొమ్మలో భుజం. ఈ ముక్కలన్నీ జత చేస్తే మనిషి అవుతుందా అని పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. ముక్కలన్నీ ఒక పక్కన పేర్చుకున్నాడు. కళ్ళు లేవు, నవ్వు లేదు. ఇంతకాలం ఆమెను తన కత్తిరింపుల్లో ఎంత జాగ్రత్తగా బయటికి తోశాడో అప్పుడు తెలిసింది. పని బాగా చేసేవాడనే పేరు ఊరికే రాలేదు.

అన్నీ అయిపోయాయి అనుకున్నాక వెండి గిన్నె గుర్తొచ్చింది.

సౌకార్‌పేటలో ఒక వెండి కొట్టు వాళ్ళకి దీపావళి ముందు చేసిన పని అది. మామూలుగా గిన్నెలు మెరిసేవైతే మాధవ్‌కి తలనొప్పి. గిన్నె పొట్టలో గదంతా కనిపిస్తుంది, కిటికీ, కెమెరా, నిలబడిన మనుషులు. అందుకని గిన్నెలకి మొహానికి రాసుకునే పౌడరు పల్చగా అద్ది మెరుపు చంపేవాళ్ళు. ఆ పనీ వరదలక్ష్మిదే. కానీ వెండి కొట్టాయన పౌడరుకి ఒప్పుకోలేదు. మెరవని వెండిని ఎవరు కొంటారని పేచీ పెట్టాడు. సరేనని ముదురు నీలం పట్టుగుడ్డ మీద గిన్నెను అలాగే ధగధగలాడేలా పెట్టి, దాన్నిండా సేమియా పాయసం పోసి, పైన నేతిలో వేగిన జీడిపప్పు, రెండు కుంకుమపువ్వు రేకులు వేసి తీశాడు. ఒక మూల నుంచి వరదలక్ష్మి చేతులు రెండూ గరిటె పట్టుకొని పాయసం వడ్డిస్తూ ఉంటాయి. చేతులకి ఎర్ర గాజులు. నీలం, వెండి, ఎరుపు. కొట్టాయన చాలా మెచ్చుకున్నాడు. పురసవాక్కం హైరోడ్డులో ఆ బొమ్మ పెద్ద బోర్డు మీద రెండు నెలలు నిలబడింది.

ఆ బొమ్మ కోసం కంప్యూటర్ ముందు ఒక పూటంతా కూర్చున్నది అతనికి గుర్తుంది. గిన్నె పొట్టలో ఒక మచ్చ పడింది. దాన్ని అంగుళం అంగుళం తుడిచి, అక్కడ ఉత్త వెండి మెరుపు నింపాడు. విసుక్కుంటూ తుడిచాడు. ఆ మచ్చ ఏమిటో మాత్రం చూడలేదు.

ఒరిజినల్ తెరిచి, గిన్నె పొట్టను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

కిటికీ తెల్లగా వంగి ఉంది. దాని ముందు కెమెరా స్టాండు, దాని మీదికి వంగిన తన నెత్తి, తన వీపు. పక్కన వరదలక్ష్మి. గిన్నె గుండ్రానికి మొహం కాస్త వెడల్పయింది, ముక్కు కాస్త ముందుకొచ్చింది. అయినా ఆమే. ఎడమ పక్కకి వాలే తల, ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన ముందు పళ్ళు, నుదుటి మీద చెమటకు అంటుకున్న వెంట్రుకలు. చెయ్యి అడ్డం లేదు. ఎందుకు ఉంటుంది, రెండు చేతులూ గరిటె పట్టుకొని ఉన్నాయి కదా. పైగా తనను ఎవరూ చూడటం లేదనుకుంది. మొహం వెనక్కి లాక్కునే ఉంది, అతను చెప్పినట్టే.

ఆమె గిన్నె వైపు చూడటం లేదు. అతని వైపు చూస్తోంది. పాయసం మీద కన్ను పెట్టి, ఊపిరి బిగబట్టి, ప్రపంచం మరిచిపోయి వంగిన మొగుణ్ణి చూసి నవ్వుకుంటోంది. వెక్కిరింపు కాదు. పసిపిల్లలు బొమ్మలతో ఆడుకుంటుంటే పెద్దవాళ్ళు నవ్వుతారే, ఆ నవ్వు.

మాధవ్ బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. ఆమె పోయినరోజు కూడా అంత ఏడవలేదు. అప్పుడు చుట్టూ జనం ఉన్నారు, పనులున్నాయి. ఇప్పుడు గదిలో తనూ, గిన్నెలోంచి తనను చూస్తున్న ఆమె, అంతే ఉన్నారు. ఆమె ఎన్ని రోజులు ఇలా తనను చూసిందో, తను ఎన్ని గిన్నెల్లోంచి ఆమెను తుడిచేశాడో అనుకుంటే దుఃఖం ఆగలేదు.

ఆ ఏడుపు విని ధన్య తలుపు తీసుకొని వచ్చింది. వెనకాలే నిలబడి తెర వైపు చూసింది. కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత వంగి, వేలు ఆ మొహానికి తగలకుండా దగ్గరగా పెట్టింది.

"అమ్మ" అంది.

మాధవ్ కళ్ళు తుడుచుకొని మౌస్ పట్టుకున్నాడు. చెయ్యి అలవాటైన పనిలోకి దిగింది. "ఇదో, ఈ పొట్ట వరకు కత్తిరించి, వంకర సరిచేసి, నా వీపు చెరిపేస్తే..."

"వద్దప్పా" అంది ధన్య. అతని చేతి మీద చెయ్యి వేసి ఆపింది. "ఇన్నాళ్ళు కత్తిరించినది చాలు."

అతను మౌస్ వదిలేశాడు.

"అంతా ఉండనీ. అమ్మ చేతులు ఉండనీ, గాజులు ఉండనీ, పాయసం ఉండనీ. నువ్వు కూడా ఉండాల దాంట్లో. నిన్ను చూసి కదా నవ్వతా ఉంది."

ఫ్రేము కట్టే కన్నియప్పన్ కొట్టు మిల్లర్స్ రోడ్డు పక్క సందులో ఉంది. దేవుడి పటాలూ, పోయినవాళ్ళ పటాలూ ఒకే గోడకి ఆనించి ఉంటాయి. మాధవ్ ప్రింటు విప్పి బల్ల మీద పరిస్తే కన్నియప్పన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మ ఫోటో తెస్తామంటిరే సార్. ఇది పాయసం కదా" అన్నాడు తమిళంలో.

మాధవ్ వేలు పెట్టి చూపించాడు. ఎంత పెద్ద ప్రింటు వేయించినా గిన్నెలో ఆ మొహం బొటనవేలి గోరంతే ఉంది. కన్నియప్పన్ కళ్ళద్దాలు ఎత్తి, కాగితం మీదికి బాగా వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. అద్దం మంచిది వేస్తాను సార్, మెరుపు కొట్టనిది, అన్నాడు. మాధవ్ వద్దన్నాడు. మామూలు అద్దమే వేయమన్నాడు.

కర్మ ముందు రోజు అలమేలు వంటల సంగతి ఎత్తింది. పటం ముందు ఆకు వేసి, పోయినవాళ్ళకి ఇష్టమైనవి వడ్డించాలి కదా. "మాధవా, దానికి ఏది ఇష్టమో చెప్పు, చేయిస్తాను" అంది.

మాధవ్ చెప్పబోయాడు. ఆమె చేసిన వంటల్లో అతనికి తెలియనిది లేదు. ఏది ఏ రంగులో ఉంటుందో, ఏ వెలుగుకి ఎలా కనిపిస్తుందో, దేని పక్కన ఏది పెట్టాలో అన్నీ నోటికొచ్చు. ఆమె ఏది ఇష్టంగా తినేదో ఎంత వెతికినా గుర్తు రాలేదు. ఆమె తింటుండగా అతను చూసిందే తక్కువ. ఆ వేళకి అతను కంప్యూటర్ ముందు ఉండేవాడు.

"వేడిగా ఉండేది ఏదైనా ఇష్టం పెద్దమ్మా" అంది ధన్య. "ఒక్కనాడైనా పొయ్యి మీదనుంచి దించినది దించినట్టు తినాల అని అంటా ఉండేది."

మరునాడు పాయసం మాధవే చేశాడు. పొయ్యి దగ్గర నిలబడటం అతనికి కొత్త. అలమేలు పక్కనుండి చెప్తుంటే చేశాడు. సేమియా పూర్తిగా ఉడికి మెత్తబడింది, పాలు చిక్కబడి రంగు మట్టిబారింది, జీడిపప్పు అడుగుకి పోయింది. ఫోటోకి ఎందుకూ పనికిరాదు. అలమేలు గరిటె కొనతో చూసి, ఉడికింది అంది.

హాల్లో ఉత్తరం కిటికీ పక్కన, అదే టేకు బల్ల మీద పటం పెట్టారు. మల్లెపూల మాల వేశారు. వచ్చిన చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. గిన్నెకి మాల వేసి పెట్టినారేంది అని ఒకావిడ అననే అంది. అలమేలు కుంకుమ తడిపి, అగ్గిపుల్ల కొనతో అద్దుకొని, పటం మీదికి వంగి, ఆ గోరంత మొహం మీద ఆవగింజంత బొట్టు పెట్టింది. ఎర్రటి ఆ చుక్క ఎక్కడుందో చూద్దామని ఒక్కొక్కరే లేచి దగ్గరికి వచ్చారు. దగ్గరికి వచ్చినా కనిపించదు, వంగాలి. అందరూ వంగారు. వంగి చూసినవాళ్ళెవరూ మళ్ళీ గిన్నె గురించి మాట్లాడలేదు. మొహం కనిపిస్తే కన్ను ఇంక వేరే చోటికి పోదని మాధవ్ ఇన్నేళ్ళూ చెప్పింది నిజమే. చెప్పాల్సిన మనిషికి ఒక్కదానికే చెప్పలేదు.

ఆకు వేశారు. అన్నం, పప్పు, కూర, అప్పడం వడ్డించారు. మాధవ్ వంటింట్లోంచి పాయసం గిన్నె గుడ్డతో పట్టుకొని వచ్చాడు. పొయ్యి మీదనుంచి దించినది దించినట్టే తెచ్చాడు. వేళ్ళు కాలుతున్నా మధ్యలో ఎక్కడా పెట్టలేదు. పటానికి బాగా దగ్గరగా, ఆమె చేతుల ముందు పెట్టాడు.

గిన్నెలోంచి ఆవిరి లేచింది. అగరొత్తి పొగ కాదు, నిజం ఆవిరే. పటం అద్దం మీద మెల్లగా పాకింది. ముందు గాజులు మసకబారాయి, తర్వాత వెండి గిన్నె, తర్వాత ఆ చిన్న మొహం. బొట్టు ఒక్కటే ఎర్రగా మిగిలింది.

మాధవ్ పటం ముందు, కెమెరా ముందు వంగినట్టే వంగాడు. చుట్టూ జనం ఉన్నారన్న సంగతి మరిచిపోయాడు.

"వరదా" అన్నాడు. "మొహం కొంచెం ముందుకి."

అది ధన్య ఒక్కతే విన్నది. ఆమె వచ్చి తండ్రి పక్కన వంగి, ఓణీ అంచు వేలికి చుట్టుకొని, బొట్టు చెరగకుండా దాని చుట్టూ అద్దాన్ని తుడవసాగింది.